‘కేసు కోర్టులో ఉంది’ అన్నాక ఇంకేం అడగొచ్చు? లక్ష్మీపేట నేర్పే శాసనసభ పాఠం

2012 జూన్ 12న రాష్ట్రంలో 18 శాసనసభ స్థానాలకు ఉప ఎన్నికల పోలింగ్ జరిగింది. వాటిలో శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట ఒకటి. అదే రోజు ఉదయం అదే జిల్లా వంగర మండలం లక్ష్మీపేటలో మాలల ఇళ్ల మీద దాడి జరిగింది. ఐదుగురు దళితులు ప్రాణాలు కోల్పోయారు. అనేకమంది గాయాలతో ఆసుపత్రుల పాలయ్యారు. కేసులో నిందితులు అదే ఊరి తూర్పు కాపు కులస్తులు.

గొడవంతా భూమి దగ్గర మొదలైంది. మడ్డువలస రిజర్వాయరు కోసం ప్రభుత్వం సేకరించిన భూముల్లో సుమారు 250 ఎకరాలు ముంపులోకి పోకుండా మిగిలిపోయాయి. పాత యజమానులకు నష్టపరిహారం ముట్టింది కాబట్టి కాగితం మీద ఆ భూమి ప్రభుత్వానిది. అందులో కొంత భాగాన్ని భూమిలేని దళితులు సాగు చేసుకోవడం మొదలుపెట్టారు. పాత యజమానుల కులానికి అది మింగుడుపడలేదు.

ఇక్కడ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. భూమి ప్రభుత్వానిది. రికార్డు రెవెన్యూ శాఖది. రిజర్వాయరు నీటిపారుదల శాఖది. బందోబస్తు పోలీసు శాఖది. అంటే లక్ష్మీపేటలో రెండు కులాల మధ్య వివాదం మాత్రమే లేదు. మంత్రులు సభలో జవాబు చెప్పాల్సిన నాలుగైదు ప్రశ్నలు ఉన్నాయి. హత్యల తర్వాతే కాదు, అంతకు ముందు కూడా ఆ ప్రశ్నలు అడగడానికి వీలుండేవి.

శాంతిభద్రతలు, న్యాయం విషయంలో ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు ప్రభుత్వాన్ని ఎలా నిలదీయవచ్చో, ఎక్కడ వాళ్ల దారి మూసుకుపోతుందో, ఊళ్లో ఉన్న మనం ఏం చేయవచ్చో లక్ష్మీపేట ఉదాహరణగా ఇక్కడ వివరిస్తున్నాం.

ఎవరు అడగాలి?

ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో 19 శాసనసభ స్థానాలు ఉన్నాయి. నియోజకవర్గాల పునర్విభజన తర్వాత, 2009 నుంచి వీటిలో రాజాం, పార్వతీపురం ఎస్సీలకు, పాలకొండ, కురుపాం, సాలూరు ఎస్టీలకు రిజర్వు అయ్యాయి. లక్ష్మీపేట ఉన్న వంగర మండలం రాజాం నియోజకవర్గంలోకి వస్తుంది. ఆ లెక్కన దళిత ఎమ్మెల్యే ఉన్న చోటే ఈ మారణకాండ జరిగింది.

అయితే 2012లో రాజాం ఎమ్మెల్యే కోండ్రు మురళీమోహన్ కిరణ్‌కుమార్ రెడ్డి మంత్రివర్గంలో మంత్రి. రాజ్యాంగం 164వ అధికరణ ప్రకారం మంత్రివర్గం శాసనసభకు ఉమ్మడిగా బాధ్యత వహిస్తుంది. అందువల్ల మంత్రి మరో మంత్రిని సభలో ప్రశ్నించడు. రిజర్వుడు స్థానం నుంచి గెలిచిన మనిషికి పదవి వస్తే మనం సంబరపడతాం. ఆ రోజు నుంచి ఆ నియోజకవర్గానికి సభలో ప్రశ్న అడిగే నోరు లేకుండా పోతుందన్న సంగతి మాత్రం పట్టించుకోం. అప్పుడు పక్క నియోజకవర్గాల వాళ్లు, ప్రతిపక్షం వాళ్లు, మండలి సభ్యులు అడగాలి. 2024 ఎన్నికల్లో మురళీమోహన్ రాజాం నుంచే మళ్లీ గెలిచారు. ఈసారి మంత్రిగా కాదు, ఎమ్మెల్యేగా సభకు వెళ్లారు. ఆనాడు అడగలేని ప్రశ్నలు అడిగే వీలు ఇప్పుడు ఆయనకు ఉంది.

2024 ఫలితాలు ఇంకో చిక్కు తెచ్చాయి. ఈ 19 స్థానాలనూ అధికార కూటమే గెలుచుకుంది. ఉత్తరాంధ్ర కొసన ఉన్న ఈ ప్రాంతం నుంచి శాసనసభలో ప్రతిపక్ష సభ్యుడు ఒక్కరూ లేరు. కాబట్టి ప్రశ్న అధికార పక్షం వాళ్లే వేయాలి, లేదా శాసనమండలి నుంచి రావాలి. మండలిలో ప్రతిపక్ష నేత బొత్స సత్యనారాయణ విజయనగరం జిల్లాకు చెందినవారే.

అధికార పక్ష ఎమ్మెల్యే ప్రశ్న వేస్తే సొంత ప్రభుత్వానికి ఎదురు తిరిగినట్టు కాదు. ప్రశ్న వేయడం ఆయన పని. సభలో మాట్లాడిన మాటకు కోర్టులో కేసు వేయడానికి వీల్లేకుండా 194వ అధికరణ ఆయనకు రక్షణ ఇచ్చింది కూడా.

ఎవరిని అడగాలి?

పోలీసులు, శాంతిభద్రతలు రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. అందుకే ఎంపీ పార్లమెంటులో అడిగితే ‘అది రాష్ట్ర ప్రభుత్వ పరిధిలోది’ అన్న జవాబు తరచూ వస్తుంది. కానీ ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 కేంద్ర చట్టం. దాని అమలుపై కేంద్రం ఏటా పార్లమెంటు ముందు నివేదిక పెట్టాలని ఆ చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. ఎంపీ ఆ కొస పట్టుకొని అడగాలి.

రాష్ట్రంలో హోంమంత్రిని అడిగితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. 2019 నుంచి మన రాష్ట్రానికి హోంమంత్రులైన ముగ్గురూ, మేకతోటి సుచరిత, తానేటి వనిత, వంగలపూడి అనిత, దళిత మహిళలే. అది గర్వించాల్సిన విషయమే. అయితే 2024లో శాఖలు పంచినప్పుడు శాంతిభద్రతలను ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు తన దగ్గరే ఉంచుకున్నారు. పోలీసు బందోబస్తు గురించి ప్రశ్న వేసేవాళ్లు ఈ తేడా తెలుసుకుని వేయాలి. నిందలు దళిత మంత్రి మీదకు పోయి, నిర్ణయాలు ఇంకో చోట ఉండే పరిస్థితి మనకు మంచిది కాదు.

భూమి గురించి రెవెన్యూ మంత్రిని, ప్రాజెక్టు భూముల గురించి జలవనరుల మంత్రిని, పరిహారం, పునరావాసం గురించి సాంఘిక సంక్షేమ మంత్రిని, ప్రత్యేక కోర్టులు, ప్రాసిక్యూటర్ల గురించి న్యాయ మంత్రిని అడగాలి. ఒకే ఊరి సమస్యను ముక్కలు చేసి నాలుగు శాఖలకు నాలుగు ప్రశ్నలు పంపితే తప్పించుకునే సందు తగ్గుతుంది.

సభలో ఉన్న దారులు

సభ మొదటి గంట ప్రశ్నోత్తరాల సమయం. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి. ఆ వెంటనే సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. అసలు బలం ఈ అనుబంధ ప్రశ్నల్లోనే ఉంటుంది. మొదటి జవాబు అధికారులు రాసిచ్చింది. రెండోది మంత్రి సొంతంగా చెప్పాల్సింది. నక్షత్ర గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వక జవాబే వస్తుంది. అంకెలు రాబట్టడానికి ఇదే మేలు.

అత్యవసర విషయమైతే 74వ నిబంధన కింద సావధాన తీర్మానం ఇవ్వవచ్చు. విస్తృతంగా మాట్లాడాలంటే 344వ నిబంధన కింద స్వల్పకాలిక చర్చ కోరవచ్చు. అన్నీ ఆపి దీని మీదే చర్చించాలంటే వాయిదా తీర్మానం ఉంది. దాన్ని స్పీకర్లు తిరస్కరించడం, ప్రతిపక్షం పోడియం దగ్గరకు వెళ్లడం మనం టీవీల్లో చూసేదే. మరుసటి రోజు పేపర్లో గొడవ మిగులుతుంది, ప్రశ్న మాయమవుతుంది. బడ్జెట్ సమావేశాల్లో హోంశాఖ పద్దు మీద కోత తీర్మానం పెట్టి కూడా ఆ శాఖ పనితీరును నిలదీయవచ్చు.

ఏ ప్రశ్నను అనుమతించాలో తేల్చేది స్పీకరు. ఆ కుర్చీలో శ్రీకాకుళం జిల్లా వాళ్లు పలుమార్లు కూర్చున్నారు. తంగి సత్యనారాయణ, తమ్మినేని సీతారాం ఈ జిల్లావారే. అప్పటి ఎస్సీ రిజర్వుడు స్థానం ఎచ్చెర్ల నుంచి గెలిచిన కావలి ప్రతిభా భారతి 1999 నుంచి 2004 వరకు స్పీకరుగా ఉన్నారు. రాష్ట్ర శాసనసభకు తొలి మహిళా స్పీకరు ఒక దళిత మహిళ అన్నది మన చరిత్ర.

మంత్రి ‘పరిశీలిస్తాం’, ‘చర్యలు తీసుకుంటాం’ అంటే అది గాలిలో మాట కాదు. సభలో ఇచ్చిన హామీలు ఏమయ్యాయో చూడడానికి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. షెడ్యూల్డు కులాల సంక్షేమ కమిటీ జిల్లాలకు వచ్చి అధికారులను కూర్చోబెట్టి అడగగలదు. ప్రభుత్వం విచారణ కమిషన్ వేస్తే, 1952 చట్టం ప్రకారం నివేదిక అందిన 6 నెలల్లో, తీసుకున్న చర్యల వివరాలతో సహా, సభ ముందు పెట్టాలి. పెట్టలేదంటే అది మళ్లీ ఒక ప్రశ్న.

‘కోర్టులో ఉంది’ అనే గోడ

దళితుల మీద దాడి కేసుల్లో మంత్రులకు అందుబాటులో ఉండే జవాబు ఒకటుంది: ‘విషయం కోర్టు పరిధిలో ఉంది.’ విచారణలో ఉన్న కేసు మంచిచెడ్డలు సభలో చర్చించకూడదన్న నియమం నిజమే. హైకోర్టు, సుప్రీంకోర్టు న్యాయమూర్తుల ప్రవర్తనపై చట్టసభలో చర్చ జరపరాదని 211వ అధికరణ చెబుతోంది. ఈ రెండు నియమాలూ అవసరమైనవే.

కానీ నేరం చేసింది ఎవరో తేల్చడమే కోర్టు పని. మిగతాదంతా ప్రభుత్వం పనే. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేశారా? 2016 సవరణ నిబంధనలు చెప్పినట్టు 60 రోజుల్లో చార్జిషీటు పడిందా? ప్రత్యేక ప్రాసిక్యూటరును ఎప్పుడు నియమించారు? 15ఎ సెక్షన్ కింద సాక్షులకు రక్షణ ఇచ్చారా? పరిహారం ఏ తేదీన, ఎంత చేతికందింది? విధి నిర్వహణలో నిర్లక్ష్యం చేసిన అధికారులపై 4వ సెక్షన్ కింద ఏం చర్య తీసుకున్నారు? భూమి ఇప్పుడు ఎవరి పేరున ఉంది? వీటిలో ఏ ఒక్కటీ కోర్టు తీర్పును తాకదు. ‘కోర్టులో ఉంది’ అనే జవాబు వీటికి చెల్లదు.

చుండూరు చూస్తే ఈ తేడా ఇంకా స్పష్టమవుతుంది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితులను చంపారు. బాధితులు పోరాడి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. తీర్పు రావడానికి 2007 జూలై 31 దాకా పట్టింది. 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. ఆ తీర్పు ఇచ్చిన న్యాయమూర్తుల గురించి సభలో మాట్లాడడానికి వీల్లేదు. కానీ ప్రభుత్వం అప్పీలుకు వెళ్తుందా, ఎప్పుడు వెళ్తుంది, ఎవరు వాదిస్తారు, 16 ఏళ్ల ఆలస్యంలో ప్రభుత్వం వాటా ఎంత అని ఏ సభ్యుడైనా అడగవచ్చు.

మూడు నెలలకోసారి వచ్చే అవకాశం

సభ ఏడాదిలో కొన్ని రోజులే జరుగుతుంది. కానీ ఎమ్మెల్యే జిల్లా ఎస్పీని, కలెక్టరును ఎదురుగా కూర్చోబెట్టి అడగగలిగే చోటు ఇంకొకటి ఉంది. అత్యాచారాల నిరోధక నిబంధనలు 1995లో 17వ నిబంధన ప్రకారం ప్రతి జిల్లాలో విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ ఉండాలి. కలెక్టరు అధ్యక్షుడు. జిల్లా ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు సభ్యులు. ఎస్పీ కూడా సభ్యుడే. కనీసం మూడు నెలలకోసారి కలవాలి. 16వ నిబంధన కింద రాష్ట్ర కమిటీకి ముఖ్యమంత్రే అధ్యక్షుడు. అది ఏడాదికి రెండుసార్లు, జనవరిలో, జూలైలో కూర్చోవాలి.

ఈ కమిటీలో మంత్రి పదవి అడ్డు రాదు, పార్టీ విప్ ఉండదు, స్పీకరు అనుమతి అక్కర్లేదు. మన ఎమ్మెల్యే కిందటి నాలుగు సమావేశాల్లో ఎన్నింటికి వెళ్లారు? వెళ్లి ఏం అడిగారు? హాజరు పట్టిక, మినిట్స్ ఇవ్వమని సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా దరఖాస్తు పెట్టవచ్చు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు రాజాం నియోజకవర్గం విజయనగరం జిల్లాలోకి వచ్చింది. లక్ష్మీపేట ఇప్పుడు విజయనగరం కలెక్టరు కింద ఉంది. పాత జిల్లా కమిటీ సమీక్షించిన అత్యాచార కేసుల ఫైళ్లు కొత్త జిల్లా కమిటీ ముందుకు వచ్చాయా అన్నది ఈ జిల్లాల ఎమ్మెల్యేలందరూ అడగాల్సిన ప్రశ్న. జిల్లా గీత మారితే బాధితుల హక్కు మధ్యలో పడిపోకూడదు.

ఇంకొకటి కూడా అడగాలి. శ్రీకాకుళం జిల్లాకు చెందిన జస్టిస్ కె. పున్నయ్య నాయకత్వంలో ఒక కమిషన్ వేశారు. అంటరానితనంపై ఆ కమిషన్ చేసిన సిఫారసుల ఫలితంగా నెలాఖరున ఊళ్లలో పౌరహక్కుల దినం జరపాలన్న ఆదేశాలు వచ్చాయి. తహసీల్దారు, ఎస్సై దళితవాడకు వచ్చి కూర్చోవాలి. భూమి మీద గొడవ రాజుకుంటున్న ఊళ్లో ఆ ఒక్క రోజు సక్రమంగా జరిగితే, ప్రమాదం ముందే ప్రభుత్వ రికార్డులోకి ఎక్కుతుంది.

ప్రశ్న ఎలా రాయాలి?

సభలో ప్రశ్న ఒక మూసలో ఉంటుంది: ఫలానా విషయం వాస్తవమేనా; అయితే వివరాలేమిటి; చర్యలు తీసుకుంటున్నారా. అందులోనే జారుడు మెట్టు ఉంది. ‘దళితులపై దాడులు పెరుగుతున్న మాట వాస్తవమేనా?’ అని అడిగితే మంత్రి ‘కాదండి’ అంటారు. తర్వాతి రెండు భాగాలకు ‘ప్రశ్న ఉత్పన్నం కాదు’ అని రాసిస్తారు. అంతటితో సరి.

తేదీ, సెక్షన్, ఊరు, అంకె అడిగితే అలా కొట్టేయలేరు. మీ ఎమ్మెల్యేకు ఇవ్వదగిన నమూనా ఒకటి రాస్తున్నాం:

అ) విజయనగరం, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో ప్రాజెక్టుల కోసం సేకరించి, ముంపుకు గురికాకుండా మిగిలిన భూమి మండలాలవారీగా ఎంత?
ఆ) ఆ భూమి ప్రస్తుతం ఎవరి సాగులో ఉంది? భూమిలేని ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు అందులో ఎంత పంచారు?
ఇ) ఆ భూములపై వివాదాలున్నాయని పోలీసులకు, తహసీల్దార్లకు అందిన ఫిర్యాదులు ఎన్ని? ఒక్కోదానిపై తీసుకున్న చర్య ఏమిటి?
ఈ) ఈ మూడు జిల్లాల్లో గత రెండేళ్లలో విజిలెన్స్ కమిటీ సమావేశాలు ఏ తేదీల్లో జరిగాయి?

ఇందులో ‘వాస్తవమేనా’ అన్న మాట లేదు. ‘కాదండి’ అనడానికి చోటు లేదు. కోర్టు పేరు చెప్పడానికీ వీల్లేదు.

ఈ ప్రశ్నలో మొదటి మూడు భాగాలు 2011లో సభలో వినిపించి ఉంటే, లక్ష్మీపేట పేరు అధికారుల కాగితాల్లోకి ముందే ఎక్కేది. దాడి ఆగేదని మేము చెప్పలేం. ‘మాకు తెలియదు’ అనే వీలు మాత్రం ప్రభుత్వానికి ఉండేది కాదు. ఇప్పుడు కూడా ఏదో ఒక రిజర్వాయరు గట్టు కింద ఇలాంటి భూమి, ఇలాంటి గొడవ ఉండే ఉంటుంది. మీ ఊళ్లో అది ఉంటే, సర్వే నంబరుతో సహా రాసి, వచ్చే సమావేశాలకు ముందే మీ ఎమ్మెల్యే చేతిలో పెట్టండి. అందినట్టు సంతకం తీసుకోండి.