అచ్చుబొమ్మ, కథల పటం

సముద్రమెరుగని వారికి తీరపు పల్లెల బ్రతుకును చూపించిన ఘనత జపాను దేశపు చెక్క అచ్చుబొమ్మలది. 1831 ప్రాంతంలో హొకుసాయి అనే చిత్రకారుడు వెలువరించిన ఫూజీ పర్వత చిత్రమాలలో ఎజిరి సమీపపు తీరం ఒకటి కలదు. ముందు కెరటాలపై తెడ్లు వేసే జాలరులు, దూరాన ఇసుకలో ఉప్పు తీసేవారు, వెనుక మంచుకొండ. కాయకష్టం చేసేవారే అందలి నాయకులు.

ఈ బొమ్మల నిర్మాణంలో ఒక విశేషం ఉన్నది. పలుచని కాగితంపై గీసిన చిత్రాన్ని చెర్రీ కలపపై బోర్లించి అంటించేవారు. శిల్పి గీతలను నిలిపి తక్కిన చెక్కను తొలిచేవాడు. ఆ పనిలో మూలచిత్రమే నశించేది. కాని రంగుకొక దిమ్మెతో అద్దగా వందలు, వేలు ప్రతులు వచ్చి సామాన్యుల ఇండ్లకు చేరేవి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలు సముద్రానికి దూరం. అచ్చుబొమ్మలు లేకున్నా, శ్రమజీవుల కథను బొమ్మలలో చూపే సంప్రదాయం తెలంగాణలో ఉండనే ఉన్నది. అదే పటం కథ. మగ్గాన్ని నమ్ముకొన్న పద్మశాలీలకు కూనపులివారు పటం విప్పి, మార్కండేయ పురాణాన్ని, తామరతూండ్ల నారతో దేవతలకు వస్త్రం నేసిన భావనాఋషి కథను వినిపించేవారు. కథ దేవతలదే, మగ్గం మాత్రం వినేవారి ఇంటిది.

పటాలు వ్రాసినవారు నకాషీలు. చేర్యాల వారికి ప్రసిద్ధ స్థానం. నూలుబట్టకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు పట్టించి, ఎర్రని నేలపై వరుసలుగా బొమ్మలు దిద్దేవారు. సుమారు 3 అడుగుల వెడల్పుగల ఈ పటాలు కొన్ని 40 అడుగుల నిడివిని మించేవి.

పటానికి రెండవ ప్రతి లేదు. అది పూజ్యవస్తువు, జీర్ణించినపుడు కర్మకాండ జరిపి నదిలో విడిచేవారు. జపానులో మూలం నశించి ప్రతులు మిగిలినవి. మనవద్ద మూలానికే గౌరవం దక్కింది, ప్రతి మిగలలేదు. అందుచేతనే ప్రాచీన పటాలు నేడు అరుదు.

నేటి నకాషీలు ఎక్కువగా గోడకు వ్రేలాడే చిన్న పటాలు వ్రాస్తున్నారు. అవి కంటికి ఇంపైనవే, కాని వాటిముందు కథకుడు లేడు. కనుక, పాత పటమున్నవారు దానిని నదికి అప్పగించుటకు ముందు ఒక్కసారి ఛాయాచిత్రం తీయించాలి. అంతకన్న ముందు, దానిని చదివి వినిపించగల కథకుని కంఠాన్ని శబ్దముద్రణ చేయించాలి. బొమ్మను మరల వ్రాయవచ్చును. ఆగిపోయిన గొంతును మరల పలికించలేము.