పలయకాట్ లుంగీ ఊరు: తడ సరస్సు వెనక ఉన్న తారీఖ్

సెలవులొస్తే మన ఇళ్ళల్లో ఒకటే బహస్. బచ్చాలు సముందర్ అంటారు. నానీ, దాదీ ఏదైనా దర్గా అంటారు. అమ్మీలు మాత్రం, ఆ ఒక్కరోజు చూల్హా ముట్టించక్కర్లేని జాగా ఏదైనా మంజూరే అంటారు. నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట వైపు ఖాన్‌దాన్‌లకు ఈ మూడు కోరికలూ తీరే చోటు తడ.

హైవే మీద మన రాష్ట్రానికి ఆఖరి ఊరు అది. 2022 ఏప్రిల్ నుంచి కాగితాల్లో తిరుపతి జిల్లా అయింది గానీ, మన నోట్లో ఇంకా నెల్లూరు తడే. ఊరికి తూర్పున పులికాట్ సరస్సు. ఉప్పునీరూ మంచినీరూ కలిసే సరస్సుల్లో ఒడిశా చిలికా తర్వాత దేశంలో ఇదే పెద్దది. ఉత్తరం నుంచి దక్షిణానికి దాదాపు 60 కిలోమీటర్ల పొడవు. సరస్సుకూ సముద్రానికీ మధ్య శ్రీహరికోట ఇసుక దీవి. భీమునివారిపాలెం నుంచి ఇరకం దీవికి పడవలు పోతాయి. వేనాడు దీవిలో దర్గా ఉంది. చలికాలంలో వెళ్తే సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డుకు రెండు పక్కలా ఫ్లెమింగోలు, నేలపట్టులో కడప చెట్ల మీద గూడబాతులు. ఈ సరస్సుకు తెలుగులో ప్రళయకావేరి అనే పాత పేరుంది. స.వెం. రమేశ్ గారి ‘ప్రళయకావేరి కథలు’ ఈ దీవుల బతుకుల గురించే.

ఇంతవరకు టూరిజం బోర్డులూ చెప్తాయి. అవి చెప్పని సంగతి మన ఇంటి దండెం మీద ఆరేసి ఉంటుంది. మన దాదాలు, నానాలు కట్టిన గళ్ళ లుంగీని పలయకాట్ లుంగీ అనేవాళ్ళు, గుర్తుందా? ఆ పలయకాట్ ఈ సరస్సు దక్షిణపు కొసన ఉన్న ఊరే. తమిళంలో పళవేర్కాడు, ఇంగ్లీషువాళ్ళ నోట్లో పులికాట్. ఒకప్పుడు ఇంగ్లీషులో గళ్ళ రుమాలునే ‘పులికాట్’ అనేవారంటే ఈ బట్ట మషహూరీ ఎంతదో అందాజా వేసుకోండి.

ఆ ఊరి మస్జిద్‌ల చుట్టూ ఒక రివాయత్ ఉంది. మదీనా నుంచి కొందరు అరబ్బులు జహాజ్‌లెక్కి వచ్చి ఇక్కడ దిగారని. రివాయత్‌ను రివాయత్‌గానే ఉంచుదాం. కాగితం మీద ఉన్న గవాహీ వేరే ఉంది. 1516 ప్రాంతంలో పోర్చుగీసు రచయిత దువార్తే బర్బోసా, ఈ రేవులో ముస్లిం సౌదాగర్లు చాలామంది ఉన్నారని, బర్మా దేశపు కెంపులు ఇక్కడ సస్తాగా దొరుకుతాయని రాశాడు. ఇక్కడి బట్ట మలక్కా దాకా పోయేది. యూరప్ జెండా ఒక్కటీ ఇక్కడ ఎగరకముందే ఈ తిజారత్ నడుస్తోంది.

1610లో డచ్చివాళ్ళు వచ్చారు. వాళ్ళకు కావలసింది లవంగాలు, జాజికాయ, మిరియాలు. అవి దొరికే తూర్పు దీవుల్లో జనం వెండి కన్నా కోరమాండల్ బట్ట అడిగేవారు. అందుకని ముందు ఇక్కడ బట్ట కొని, అక్కడ దినుసులకు మార్చడం. 1612లో సాంథోం పోర్చుగీసులు వచ్చి డచ్చి కోఠీని ధ్వంసం చేశారు. మరుసటి ఏడాదికి డచ్చివాళ్ళు కిలా కట్టుకుని గెల్డ్రియా అని పేరు పెట్టారు. అప్పటికి ఈ ఇలాకా చంద్రగిరి, వేలూరుల నుంచి ఏలే వెంకటపతి రాయలది. 1690లో నాగపట్నానికి మారేదాకా కోరమాండల్‌లో డచ్చివాళ్ళ సదర్ మఖామ్ ఈ సరస్సు ఒడ్డే.

ఇప్పుడు కిలా పొదల్లో శిథిలం. దగ్గర్లోని డచ్చి కబరస్తాన్‌ను మాత్రం పురావస్తు శాఖ కాపాడుతోంది. దర్వాజా రెండువైపులా రాతిలో చెక్కిన అస్థిపంజరాలుంటాయి. బచ్చాలు ముందు భయపడతారు, తర్వాత అక్కడి నుంచి కదలరు.

అక్కడ నిలబడినప్పుడు ఒక చేదు హకీకత్ కూడా పిల్లలకు చెప్పాలని నా అభిప్రాయం. ఈ రేవు నుంచి పోయింది బట్ట ఒక్కటే కాదు. 17వ శతాబ్దంలో కరవులూ జంగులూ వచ్చినప్పుడు అమ్ముడుపోయిన మనుషుల్ని వేలల్లో జహాజ్‌లెక్కించి బటావియాకు గులాములుగా తోలారు. కొన్నది డచ్చి కంపెనీ. బేరం కుదిర్చిన దలాల్‌లు ఇక్కడివాళ్ళే. లుంగీ గురించి ఫఖర్‌గా చెప్పి దీన్ని దాచిపెడితే అది తారీఖ్ కాదు, ఇష్తిహార్.

సరస్సు ఉత్తరపు కొస కథ వేరు. దుగరాజపట్నం అక్కడే. 1626లో ఇంగ్లీషు కంపెనీ అక్కడ ఆర్మగాన్ అనే కోఠీ పెట్టి ఫిరంగులు నిలబెట్టింది. మచిలీపట్నంలో గోల్కొండ అధికారులతో తకరార్లు, పులికాట్‌లో డచ్చివాళ్ళ పోటీ, మధ్యలో దొరికిన జాగా ఇది. కానీ మంచి బట్ట చాలినంత దొరకలేదు. గోల్కొండ సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్ షా సునహరీ ఫర్మాన్ ఇచ్చాక మచిలీపట్నంలో వాళ్ళ పని మళ్ళీ కుదుటపడింది. ఆర్మగాన్ పెద్దగా ఉన్న ఫ్రాన్సిస్ డే మాత్రం దక్షిణానికి చూశాడు. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర ఒక ఇసుక తీరం సంపాదించాడు. అదే మద్రాసు. దుగరాజపట్నంలో నాలుగు మంచి మగ్గాలుండి ఉంటే చెన్నై మన జిల్లాలో ఉండేదేమో అని మా దోస్తులతో మజాక్ చేస్తుంటాను.

పులికాట్ 1825లో పూర్తిగా ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చేసరికి మద్రాసు ముందు అది చిన్న ఊరైపోయింది. ఆ తర్వాత సరస్సుకు మరో పని దొరికింది. 1876–78 కరవులో కూలిపనిగా తవ్వించి కలిపిన బకింగ్‌హాం కాలువ ఇటుగానే పోతుంది. శ్రీహరికోట అడవి కట్టెలు పడవల్లో మద్రాసు చూల్హాలకు చేరేవి. 1969లో ఆ దీవిని రాకెట్ల కోసం ఎంచుకున్నారు. 1971 అక్టోబర్ 9న మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. అక్కడ తరతరాలుగా ఉన్న యానాదులు జాగా ఖాళీ చేయాల్సి వచ్చింది.

ఇప్పుడు ముష్కిల్ అంతా ముఖద్వారాలది. సముద్రపు నీరు సరస్సులోకి వచ్చిపోయే ఆ దారుల్ని ఇసుక పూడ్చేస్తోంది. ద్వారం మూసుకుంటే రొయ్య రాదు, చేప పిల్ల రాదు. ఎండాకాలంలో తడ వైపు నీళ్ళు వెనక్కిపోయి నేల మీద ఉప్పు పొర తేలుతుంది. చేపల మీద బతికే పల్లెలకు అది రోజీ మీద దెబ్బ. ఆంధ్రా, తమిళ జాలర్ల మధ్య హద్దు తగాదాలకు కూడా ఈ తంగీ నీళ్ళే కారణం.

పోవాలనుకుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు పోండి. శ్రీహరికోట తీరం మనకు బంద్. సముద్రస్నానమే కావాలంటే వాకాడు వైపు తూపిలిపాళెం, లేదా నెల్లూరు దగ్గర మైపాడు. రెండు చోట్లా పిల్లల్ని లోతుకు వదలకండి. సరస్సులో నీళ్ళు లోతు తక్కువే గానీ అడుగంతా బురద. అందులో దిగొద్దు, పడవే మేలు. పులికాట్ ఊరికి తడ నుంచి సరస్సు మీదుగా రోడ్డు లేదు. ఆరంబాకం, గుమ్మిడిపూండి దాటి పొన్నేరి నుంచి తూర్పుకు తిరగాలి. అక్కడ చిన్న పళ్ళివాసల్ అనే మస్జిద్‌లో నమాజు వేళలు చూసుకోవడానికి పెట్టిన ఎండ గడియారం ఉంది. జుహర్‌కి చేరేలా బయల్దేరితే నీడ ఎలా తిరుగుతుందో బచ్చాలకు చూపించవచ్చు. ఆ ఊరి ముస్లిం ఆడవాళ్ళు తాటాకుతో అల్లే బుట్టలు, పెట్టెలు కూడా దొరుకుతాయి. వాళ్ళు మాట్లాడేది తమిళం. బేరానికి మన ఉర్దూ, తెలుగు రెండూ పెద్దగా పనికిరావు, వేళ్ళు చాలు.