చదును తీరాన పరుగు బాటలు: రేవుపోలవరం నుంచి కోరంగి మడ అడవుల దాకా

నర్సీపట్నం: తూర్పు కనుమల పాదాన ఉన్న నర్సీపట్నం నుంచి ఒకవైపు సాగితే చింతపల్లి ఘాట్ రోడ్డు, మరోవైపు సాగితే బంగాళాఖాతం. పోలీసు, సైనిక ఎంపికలకు సిద్ధమయ్యే యువతీ యువకులు తెల్లవారకముందే రోడ్ల అంచున పరుగు సాధన చేయడం ఈ ప్రాంతంలో నిత్యం కనిపించే దృశ్యం. ఎత్తుపల్లాల రోడ్లపైన, వాహనాల వెలుగుల మధ్య పరుగెత్తే వీరిలో చాలామంది చదునైన నేల కోసం తీరం వైపు చూస్తారు. ఆ తీరంలో ఎక్కడ పరుగెత్తవచ్చు, ఎక్కడ నడకతో సరిపెట్టుకోవాలి, చట్టం ఏం చెబుతోంది అన్న వివరాలివి.

జాతీయ పార్కు లేదు, అభయారణ్యం ఉంది

ఆంధ్రప్రదేశ్‌లోని జాతీయ పార్కులేవీ సముద్ర తీరాన లేవు. 1989లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు శేషాచలం కొండల్లో ఉంది. 2008లో ప్రకటించిన పాపికొండలు గోదావరికి ఇరువైపులా నిలిచిన కొండలు. కడప జిల్లా రామేశ్వరం వద్ద ఉన్న చిన్న పార్కు పెన్నా ఒడ్డున ఉంది. సముద్రాన్ని ఆనుకుని, బల్లపరుపుగా ఉండే రక్షిత వనం కావాలంటే కాకినాడ దాపున ఉన్న కోరంగి వన్యప్రాణి అభయారణ్యానికి వెళ్లాల్సిందే. 1978లో ప్రకటించిన ఈ అభయారణ్యం విస్తీర్ణం 235.70 చదరపు కి.మీ. గోదావరి తెచ్చిన ఒండ్రుపైన పెరిగిన మడ అడవి ఇది.

రేవుపోలవరం: తడి ఇసుకే మేలు

నర్సీపట్నం వాసులకు అందుబాటులో ఉన్న తీరాల్లో ఎస్.రాయవరం మండలం రేవుపోలవరం ఒకటి. కోటవురట్ల మీదుగా జాతీయ రహదారిపై ఉన్న అడ్డరోడ్డు కూడలికి చేరి, అక్కడి నుంచి తీరానికి వెళ్లవచ్చు. పొడి ఇసుకపై పరుగు గట్టినేలపై పరుగుకంటే సుమారు 1.6 రెట్లు ఎక్కువ శక్తిని హరిస్తుందని శాస్త్రీయ పరీక్షల్లో తేలింది. అందువల్ల వేగాన్ని కొలుచుకోదలచిన అభ్యర్థులు అలలు వెనక్కు తగ్గినప్పుడు బయటపడే గట్టి తడి ఇసుకనే ఎంచుకోవాలి. పాటు నుంచి పోటుకు దాదాపు ఆరు గంటలకు పైగా పడుతుంది. ఆ వేళ రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున వెనక్కు జరుగుతుంది. నేడు తెల్లవారుజామున దొరికిన గట్టి ఇసుక వారం తరువాత అదే వేళకు నీట మునిగి ఉండవచ్చు.

తీరం సముద్రం వైపు వాలి ఉండటం మరో చిక్కు. ఒకే దిశలో ఎక్కువ దూరం పరుగెత్తితే ఒక కాలిపైనే భారం పడి మోకాలు, చీలమండ నొప్పులు వస్తాయి. వెళ్లిన దారినే తిరిగి వస్తే ఆ భారం రెండు కాళ్లకూ సమంగా పంచబడుతుంది. మత్స్యకారులు వలలు ఆరబెట్టే చోట్లు, పడవలు ఒడ్డుకు లాగే చోట్లు వారి పనికి విడిచిపెట్టాలి. పరుగు ముగిశాక చెమట కడుక్కోవడానికి సముద్రంలోకి దిగరాదు. అలసిన దేహం లోపలికి లాగే నీటిని ఎదుర్కోలేదు.

ఉప్పాడ దారి: కోతను చూసి కదలాలి

నాతవరం మీదుగా తుని చేరి, అన్నవరం, పిఠాపురం దాటితే కాకినాడ. కాకినాడ నుంచి ఉప్పాడ వైపు సాగే బీచ్ రోడ్డు పొడవునా సముద్రం పక్కనే ఉంటుంది. ఎత్తుపల్లాలు లేని ఈ దారి దూరపు పరుగుకు అనువైనదే. అయితే ఉప్పాడ తీరం ఏళ్ల తరబడి కోతకు గురవుతోంది. వాయుగుండాలు, తుపాన్ల వేళ కెరటాలు రక్షణ రాళ్లను దాటి రోడ్డుపై పడతాయి, రాకపోకలు నిలిచిపోతాయి. వాతావరణ హెచ్చరిక ఉన్న రోజుల్లో ఈ దారి జోలికి పోరాదు.

కోరంగి: ఊరి దారిన పరుగు, అడవిలో నడక

కాకినాడ నుంచి యానాం వైపు 216వ నెంబరు జాతీయ రహదారిపై సుమారు 20 కి.మీ. వెళ్తే కోరంగి వస్తుంది. రైలులో వచ్చేవారు నర్సీపట్నం రోడ్ స్టేషన్‌లో ఎక్కి సామర్లకోటలో దిగి కాకినాడ చేరవచ్చు. దారిలోని చొల్లంగి కాలినడక యాత్రికులకు పాతకాలం నుంచీ తెలిసిన ఊరు. గోదావరి పాయలు సాగరంలో కలిసే చోట్ల స్నానమాచరించే సప్తసాగర యాత్ర చొల్లంగి అమావాస్యతో మొదలై అంతర్వేదితో ముగుస్తుంది.

అడవిలోపల సందర్శకుల కోసం అటవీశాఖ చెక్క వంతెన దారిని నిర్మించింది. అది నడక కోసం వేసినది. తేమకు చెక్కలు జారుతాయి, ఎదురుగా పిల్లలు, వృద్ధులు వస్తుంటారు. దిగి నేలపై పరుగెత్తడం అసలే కుదరదు. బురద మోకాలి లోతున కూరుకుపోతుంది. పైగా ఆ బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకు వచ్చేవి మడ చెట్ల శ్వాసవేర్లు. అవి విరిగితే చెట్టుకు ఊపిరాడదు. నల్లమడ, తెల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న వంటి చెట్లు, చేపలు పట్టి తినే అడవిపిల్లులు, నీటికుక్కలు ఈ అడవి సంపద. హోప్ ఐలాండ్ ఇసుకలో ఏటా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. పరుగు సాధన అభయారణ్యం బయటి ఊరి రోడ్లకు, కాలువ గట్లకు పరిమితం చేసుకుని, అడవిని నడకతో చూడటమే తగిన పద్ధతి.

ఈ చెట్ల విలువ కోరంగి చరిత్రలోనే ఉంది. 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరోసారి వచ్చిన ఉప్పెనలు నాటి కోరంగి రేవును ముంచెత్తాయి. ఆంగ్లంలో సైక్లోన్ అన్న మాటను రూపొందించిన హెన్రీ పిడింగ్టన్ 1789 నాటి కోరంగి తుపానును అధ్యయనం చేసినవాడే. కెరటాల ఉద్ధృతిని తగ్గించే మడ అడవి తీర గ్రామాలకు కోటగోడ వంటిది.

చట్టం ఏమంటోంది?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ప్రవేశించరాదు. అభయారణ్యం గుండా పోయే ప్రజా రహదారిపై ప్రయాణించేవారికి, లోపల నివాసానికి అనుమతి ఉన్నవారికి మినహాయింపు ఉంది. జాతీయ పార్కులో ఆంక్షలు మరింత కఠినం. సామూహిక పరుగు నిర్వహించదలచినవారు ముందుగా అటవీశాఖ అనుమతి తీసుకోవాలి.

ఇతర చోట్ల

పొరుగున ఉన్న ఒడిశాలో 1998లో ఏర్పడిన భితరకనిక జాతీయ పార్కు తీరప్రాంత మడ అడవే. అక్కడ ఉప్పునీటి మొసళ్లు ఉన్నందున పరుగు మాటే లేదు. అవి గుడ్లు పెట్టే మే నుంచి జులై వరకు సందర్శకులను అనుమతించరు. అమెరికాలోని ఫ్లోరిడాలో 1947లో ప్రారంభమైన ఎవర్‌గ్లేడ్స్ జాతీయ పార్కు ఇందుకు భిన్నం. అక్కడి షార్క్ వ్యాలీలో సుమారు 24 కి.మీ. చుట్టుదారి నడిచేవారికి, సైకిళ్లకు తెరిచి ఉంటుంది. దారి పక్కన మొసలి జాతి జీవులు ఎండ కాచుకుంటూ ఉంటాయి. సందర్శకులు దూరం పాటించాలన్నది నియమం. మన విశాఖలోనూ ఆర్కే బీచ్ రోడ్డుపై తెల్లవారుజామున వాహనాలు నిలిపి నడకకు, పరుగుకు విడిచే పద్ధతి ఏళ్లుగా ఉంది.

1600 మీటర్ల లెక్క

ఆంధ్రప్రదేశ్ పోలీసు కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలో 1600 మీటర్లను పురుషులు 8 నిమిషాల్లో, మహిళలు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తిచేయాల్సి ఉండేది. 400 మీటర్ల చుట్టుకు పురుషులకు 2 నిమిషాలు, మహిళలకు 2 నిమిషాల 37 సెకన్లు. కొత్త ప్రకటన వెలువడినప్పుడు ప్రమాణాలను సరిచూసుకోవాలి. చదును నేలపై అడుగు ఒకే తీరుగా పడుతుంది కనుక ఈ లయను అలవరచుకోవడం తేలిక. కానీ వాలులో దొరికే విరామం అక్కడ ఉండదు. అవే కండరాలు ఆగకుండా శ్రమిస్తాయి. కనుక కొత్తవారు దూరాన్ని మెల్లమెల్లగా పెంచాలి.

పాటించాల్సిన జాగ్రత్తలు

* తీరపు గాలిలో తేమ ఎక్కువ కావడంతో చెమట త్వరగా ఆరదు, దేహం చల్లబడదు. సూర్యోదయానికి ముందే సాధన ముగించడం మంచిది. నీరు వెంట ఉంచుకోవాలి.
* గాలికి ఎదురుగా మొదలుపెట్టి, గాలివాటున తిరిగి రావాలి. అలసట వేళ అది తోడవుతుంది.
* రోడ్డుపై ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా కుడి అంచున, ఒకరి వెనుక ఒకరు సాగాలి. చీకట్లో లేతరంగు దుస్తులు, మెరిసే పట్టీలు తప్పనిసరి. చెవుల్లో పాటలు వద్దు.
* తల తిరగడం, వాంతి, ఒళ్లు కాలడం వంటి లక్షణాలు కనిపిస్తే పరుగు ఆపి, నీడకు చేర్చి, తడిగుడ్డతో దేహాన్ని చల్లబరచి ఆస్పత్రికి తరలించాలి. 108కు ఫోన్ చేయాలి.

ఉద్యోగం కోసం పరుగెత్తేవారికి ఒక్క సెకను కూడా విలువైనదే. ఆ సెకను కోసం చీకటి రోడ్డుపై ప్రాణాన్ని, అడవిలో మడ వేరును పణంగా పెట్టనవసరం లేదు. చోటును, వేళను ఎంచుకుంటే చదును తీరం ఆ అవకాశాన్ని ఉచితంగానే ఇస్తుంది.