బొంబాయి నుండి లండనునకు

లండను ఎంత దూరమని పూర్వము ఓడ యెక్కి వచ్చినవాని నడిగినచో నెలలలో చెప్పెడివాడు. నేడు మనుమలను చూడ బయలుదేరు ముదుసలి గంటలలో చెప్పుచున్నది. భూగోళము చిన్నది కాలేదు గదా! మాఱినది మార్గమును, వాహనమును.

మార్గమనగానే ఒక చిక్కు కలదు. బడిలో గోడపటమును చూపి దారి గీయుమనగా, బాలురు రూళ్లకఱ్ఱతో తిన్నని గీత గీచెడివారు. అప్పుడు గోళమును దెచ్చి, రెండు నగరముల నడుమ దారము బిగించి చూపెడివాడను. ఆ దారము ఉత్తరముగా పోయి, కాస్పియను సముద్రపు చాయలను తాకును. అది సుమారు 4,480 మైళ్లు, అనగా 7,200 కిలోమీటర్లు. ఆ దారము వెంట పోగల వాహనము మానవునకు చిరకాలము లభింపలేదు.

తెరచాప ఓడలు ఆఫ్రికా దక్షిణాగ్రమును చుట్టి వచ్చెడివి. అయిదాఱు నెలలు సామాన్యము. జాబు వ్రాసి ప్రత్యుత్తరమునకు ఏడాది కాచుకొనవలెను. ఈలోపల వ్రాసినవాడు బ్రదికియుండుననియు నమ్మకము లేదు. 1869 నవంబరులో సూయజు కాలువ తెఱవబడగా నాలుగువేల మైళ్లకు పైగా కలిసివచ్చెను. ఆవిరియోడలతో నెలలు వారములైనవి.

1929 మార్చి 30న లండను నుండి కరాచీకి విమాన సర్వీసు ఆరంభమయ్యెను. ప్రయాణము ఏడు దినములు. విమానప్రయాణమన్న పేరేగాని, స్విట్జర్లాండులోని బాజెలు నుండి ఇటలీలోని జెనోవా వఱకు రైలెక్కవలసియుండెను! 1932 అక్టోబరు 15న జే.ఆర్.డీ. టాటాగారు కరాచీ నుండి తపాలాసంచులతో ఒంటరిగా విమానము నడుపుకొని అహమ్మదాబాదు మీదుగా బొంబాయి చేరిరి. అచ్చట నుండి నెవిల్ విన్సెంటుగారు ఆ తపాలాను బళ్లారి మీదుగా మద్రాసునకు గొనిపోయిరి.

1948 జూన్ 8న ఎయిరిండియా ఇంటర్నేషనల్ వారి ‘మలబారు ప్రిన్సెస్’ ముప్పదియైదుగురు ప్రయాణికులతో బొంబాయి నుండి లేచెను. కైరో, జెనీవాలలో దిగి 10వ తేది లండను చేరెను. కైరో దారము దారికి దూరమే. కాని నాటి విమానము ఏకబిగిని పోజాలదు. 1960లో జెట్టు విమానములు వచ్చినవి. నేడు మధ్య నెచ్చటను దిగక తొమ్మిది పది గంటలలో పోవుచున్నారు. తిరుగు ప్రయాణమున పడమటి గాలి వెన్నుదన్ను కాగా కొంత ముందుగనే చేరుదురు.

ఈ వేగమునకు చెల్లించిన మూల్యము చెప్పక విడువరాదు. ఆ ‘మలబారు ప్రిన్సెస్’యే 1950 నవంబరు 3న ఆల్ప్సు పర్వతములలో మోఁబ్లాఁ శిఖరమునకు తగిలి కూలెను, నలువదియెనిమిదిమంది గతించిరి. ప్రయాణికులు ఓడలో కొలువునకు పోవుచున్న మన నావికులు. సముద్రమున బ్రదికినవారు మంచులో పోయిరి. 1966 జనవరి 24న అదే శిఖరముపై ‘కాంచనజంగ’ అను విమానము కూలగా, శాస్త్రజ్ఞుడు హోమీ భాభాగారితోసహా నూటపదునేడుగురు మరణించిరి.

అందలి తపాలాసంచి యొకటి 2012లో, నలువదియాఱేండ్లకు, హిమానీనదము నుండి బయల్పడెను. లోపలి వార్తాపత్రికలు 1966 జనవరి నాటివి. దానిని పారిసులోని మన రాయబార కార్యాలయమువారి కప్పగించిరి.