లైఫ్ సైన్సెస్‌లో ఫెలోషిప్‌లు: అర్హత ఎవరికి, డబ్బు ఎప్పుడు, సంతకం ఎవరిది?

జీవశాస్త్రాల్లో పీహెచ్‌డీ అంటే ఐదారేళ్ల పని. కణాలు పెంచే ల్యాబుల్లో, ఎలుకల మీదో ఈగల మీదో ప్రయోగాలు చేసే ల్యాబుల్లో ఆదివారం కూడా సెలవుండదు. ట్యూషన్లు చెప్పుకుంటూ, పార్ట్ టైమ్ ఉద్యోగం చేసుకుంటూ ఈ పరిశోధన చేయడం దాదాపు అసాధ్యం. అందుకే ఈ రంగంలో ఫెలోషిప్‌ను ప్రతిభకు ఇచ్చే బహుమతిగా చూడటం సరికాదు. అది చేసే పనికి కూలి. మొదటి తరం విద్యార్థికి అది మెస్ బిల్లు, ఇంటికి పంపే డబ్బు, చెల్లెలి ఫీజు కూడా.

ఈ సంగతి మనకు కొత్త కాదు. 1913లో అంబేడ్కర్ కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్లింది బరోడా మహారాజు శాయాజీరావు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తోనే. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్ల గడువు. స్కాలర్‌షిప్ గడువు తీరిపోవడంతో 1917లో లండన్ చదువును మధ్యలో ఆపి తిరిగి రావలసి వచ్చింది. ఎంత తెలివిగలవారికైనా డబ్బు ఆగితే చదువు ఆగుతుంది.

నూరేళ్లు దాటాక పరిస్థితి ఎలా ఉంది? యువ శాస్త్రవేత్తలకు కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఇచ్చే ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ ఫెలోషిప్ లెక్కలను 2023 జనవరిలో నేచర్ పత్రిక ప్రచురించింది. 2016 నుంచి 2020 వరకు వాటిని అందుకున్నవారిలో 80 శాతం ఆధిపత్య కులాలవారు. ఎస్సీలు 6 శాతం. ఎస్టీలు ఒక శాతం కంటే తక్కువ. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఎస్సీలు 16.6 శాతం, ఎస్టీలు 8.6 శాతం. పై మెట్టు మీద మనవాళ్లు కనపడకపోవడానికి కారణాలు కింది మెట్ల మీదే మొదలవుతాయి. అందుకే ఏ ఫెలోషిప్ గురించి విన్నా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అర్హత ఎవరికి? డబ్బు ఎప్పుడు వస్తుంది? దాని మీద సంతకం ఎవరిది?

ఎమ్మెస్సీ దశలో

బయోటెక్నాలజీ చదవాలనుకునేవారు గ్యాట్-బి పరీక్షను వదులుకోవద్దు. దీన్ని నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ నిర్వహిస్తుంది. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ మద్దతుతో నడిచే పీజీ కోర్సుల్లో దీని ద్వారా సీటు వస్తే నెలకు స్టైపెండ్ కూడా వస్తుంది. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీకి రూ. 5,000, వ్యవసాయ బయోటెక్నాలజీకి రూ. 7,500, ఎంటెక్‌కు రూ. 12,000. చిన్న మొత్తమే, కానీ హాస్టల్ ఖర్చు చాలావరకు గట్టెక్కుతుంది.

రెండోది, వేసవి పరిశోధన. బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఏటా రెండు నెలల సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఇస్తాయి. చిన్న ఊళ్ల డిగ్రీ కాలేజీల నుంచి వచ్చిన మన విద్యార్థుల్లో చాలామంది పీహెచ్‌డీ ఇంటర్వ్యూకు వెళ్లేదాకా ఒక పరిశోధన ల్యాబ్ లోపల ఎలా ఉంటుందో చూసి ఉండరు. ఆ తేడా ఇంటర్వ్యూ బోర్డుకు వెంటనే తెలిసిపోతుంది, దాన్ని వాళ్లు 'ప్రతిభ లేకపోవడం' అని రాసుకుంటారు. ఈ రెండు నెలలు ఆ లోటును కొంత పూడుస్తాయి.

పీహెచ్‌డీకి పెద్ద తలుపు: నెట్

సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ లైఫ్ సైన్సెస్ పేపర్‌లో జేఆర్ఎఫ్ సాధించడం ప్రధాన మార్గం. ఎమ్మెస్సీలో జనరల్ అభ్యర్థులకు 55 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం మార్కులు కావాలి. ఎస్సీ, ఎస్టీలకు వయసులో 5 ఏళ్ల సడలింపు ఉంది. 2023 జనవరి 1 నుంచి జేఆర్ఎఫ్ నెలకు రూ. 37,000. రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్‌గా మారితే రూ. 42,000. ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. మొత్తం కాలం ఐదేళ్లు.

పరీక్ష 200 మార్కులకు. ఎ భాగంలో 20 ప్రశ్నల్లో 15, బి భాగంలో 50లో 35, సి భాగంలో 75లో 25 రాస్తే చాలు. అంటే అన్నీ చదవాల్సిన పని లేదు. కొన్ని అంశాలను లోతుగా పట్టుకుంటే సి భాగం చేతికొస్తుంది. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లో మాత్రమే ఉంటుంది. తెలుగు మీడియం నుంచి వచ్చినవారు పాత ప్రశ్నపత్రాలను ముందు నుంచే ఇంగ్లిష్‌లో చదవడం అలవాటు చేసుకోవాలి.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. 'నెట్ వచ్చింది' అంటే డబ్బు వచ్చినట్టు కాదు. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు గానీ, కేవలం పీహెచ్‌డీ ప్రవేశ అర్హతకు గానీ ఫెలోషిప్ ఉండదు. ఫలితాల్లో మీ పేరు ఏ జాబితాలో ఉందో చూసుకోండి.

నెట్ కాకుండా బయోటెక్నాలజీ శాఖ ఫెలోషిప్ కోసం బెట్ పరీక్ష ఉంది. ఇందులో కేటగిరీ-1 వస్తే ఫెలోషిప్ మీ పేరు మీద ఉంటుంది, మీరు చేరే సంస్థకు దాన్ని తీసుకెళ్లవచ్చు. కేటగిరీ-2 వస్తే ఆ శాఖ నిధులతో నడిచే ప్రాజెక్టులో జేఆర్ఎఫ్‌గా చేరే అర్హత మాత్రమే వస్తుంది. ఈ తేడా చాలా పెద్దది. సొంత ఫెలోషిప్ ఉన్న విద్యార్థి గైడ్‌ను మార్చుకోగలడు. ప్రాజెక్టు జీతం మీద ఉన్న విద్యార్థికి ప్రాజెక్టు ముగిసిన రోజే జీతం ఆగుతుంది, గైడ్‌తో మాట తేడా వస్తే ఇంకా ముందే ఆగవచ్చు. వీలైనంతవరకు డబ్బు మీ పేరు మీద వచ్చే మార్గాన్నే ఎంచుకోండి.

విశ్వవిద్యాలయంలో పీజీ మొదటి ర్యాంకు వచ్చినవారు ఇన్‌స్పైర్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయవచ్చు. సీసీఎంబీ లాంటి సంస్థల్లో పీహెచ్‌డీలో చేరాలంటే ఇలాంటి ఫెలోషిప్ ఏదో ఒకటి చేతిలో ఉండటం ఎంతో మేలు.

ఎస్సీ, ఎస్టీల ఫెలోషిప్‌లు

ఎస్సీలకు నేషనల్ ఫెలోషిప్ 2005-06లో రాజీవ్ గాంధీ పేరుతో మొదలైంది. సామాజిక న్యాయ శాఖ నిధులిస్తుంది. ఏడాదికి 2,000 కొత్త ఫెలోషిప్‌లు. అందులో సైన్స్‌కు 500, హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్‌కు 1,500. మొత్తం జేఆర్ఎఫ్ స్థాయిలోనే ఉంటుంది. సైన్స్ విద్యార్థికి కంటింజెన్సీ కింద మొదటి రెండేళ్లు ఏడాదికి రూ. 12,000, తర్వాత రూ. 25,000 వస్తుంది.

మొదట్లో ఈ ఫెలోషిప్‌కు నెట్ అవసరం లేదు, పీజీ మార్కులతో ఎంపిక జరిగేది. తర్వాత నెట్‌ను తప్పనిసరి చేశారు. దాంతో ఒక తలుపు మూసుకుపోయినవారి కోసం పెట్టిన రెండో తలుపు కూడా మొదటి తలుపు లోపలికే వెళ్లిపోయింది. సైన్స్‌కు ఉన్న 500లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ విద్యార్థులు కూడా పోటీలో ఉంటారన్నది గుర్తుంచుకోవాలి.

ఎస్టీలకు గిరిజన వ్యవహారాల శాఖ ఏటా 750 ఫెలోషిప్‌లు ఇస్తుంది. మైనారిటీ విద్యార్థులకు ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి ఆపేశారు. ఒక పథకం ఎంత సులువుగా పోగలదో చెప్పడానికి ఇదొక్కటి చాలు.

ఏ ఫెలోషిప్పూ రానివారికి కేంద్ర విశ్వవిద్యాలయాల్లో నాన్-నెట్ ఫెలోషిప్ కింద నెలకు రూ. 8,000 వస్తుంది. 2015లో దీన్ని ఎత్తేయాలని చూసినప్పుడు విద్యార్థులు ఢిల్లీలో యూజీసీ కార్యాలయం ముందు రోజుల తరబడి బైఠాయించి నిలబెట్టుకున్నారు. అయితే ఇది ఉస్మానియా, కాకతీయ, ఆంధ్రా, శ్రీ వెంకటేశ్వర లాంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు వర్తించదు. ఊళ్ల నుంచి వచ్చే దళిత విద్యార్థులు ఎక్కువగా చేరేది అక్కడే.

విదేశాల్లో చదవాలంటే

ఎస్సీలకు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఏడాదికి 125. అందులో 115 ఎస్సీలకు, 6 సంచార, విముక్త జాతులకు, 4 భూమిలేని వ్యవసాయ కూలీల, సంప్రదాయ చేతివృత్తులవారి పిల్లలకు. 30 శాతం మహిళలకు. వయసు 35 లోపు, కుటుంబ ఆదాయం ఏడాదికి రూ. 8 లక్షల లోపు, అర్హత పరీక్షలో 60 శాతం మార్కులు ఉండాలి. ఫీజు, విమాన ఛార్జీలతో పాటు ఏడాది ఖర్చులకు అమెరికాలో 15,400 డాలర్లు, బ్రిటన్‌లో 9,900 పౌండ్లు ఇస్తారు. 2022లో భారత సంస్కృతి, చరిత్ర, సమాజం మీద పరిశోధనను ఈ పథకం నుంచి తీసేశారు. జీవశాస్త్రాలకు ఆ ఆంక్ష లేదు. కానీ 2025-26లో ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే తాత్కాలిక మంజూరు లేఖలు ఇచ్చి, మిగతా 66 మందికి నిధులుంటే ఇస్తామన్నారు. ఎంపిక వేరు, మంజూరు వేరు. మంజూరు లేఖ చేతికి రాకుండా అప్పు చేసి టికెట్ కొనవద్దు.

తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద రూ. 20 లక్షల వరకు సాయం ఉంది.

మనవాళ్లకు తక్కువగా తెలిసిన సంగతి ఒకటి. అమెరికాలో జీవశాస్త్రాల పీహెచ్‌డీలో సీటు వస్తే సాధారణంగా ఫీజు మాఫీ, నెలనెలా స్టైపెండ్ దానితో పాటే వస్తాయి. భారీగా ఫీజు కట్టాల్సింది ఎక్కువగా ఎంఎస్ కోర్సులకే. చాలా జీవశాస్త్ర విభాగాలు జీఆర్ఈని తీసేశాయి. దరఖాస్తు ఫీజు కట్టలేమని గ్రాడ్యుయేట్ ఆఫీసుకు మెయిల్ రాస్తే మాఫీ చేసేవి ఉన్నాయి. అడగడానికి మొహమాటపడొద్దు. ఎన్ఎస్ఎఫ్ గ్రాడ్యుయేట్ ఫెలోషిప్, ఎన్ఐహెచ్ శిక్షణ గ్రాంట్లు మాత్రం అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకే. వాటి కోసం సమయం వృథా చేసుకోవద్దు. జర్మనీలో మాక్స్ ప్లాంక్ సంస్థల పరిశోధన పాఠశాలలు ఇంగ్లిష్‌లోనే నడుస్తాయి, అక్కడా ఆర్థిక మద్దతు ఉంటుంది.

డబ్బు ఆగిపోతే

రోహిత్ వేముల హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో చేరింది లైఫ్ సైన్సెస్ విద్యార్థిగానే. ఆయన చివరి ఉత్తరంలో ఒక లెక్క ఉంది: ఏడు నెలల ఫెలోషిప్, రూ. 1.75 లక్షలు రావలసి ఉందని. 2016 జనవరి 17 నాటి ఆ ఉత్తరం చదివిన ఎవరికీ ఫెలోషిప్ ఆలస్యం 'టెక్నికల్ సమస్య' అనిపించదు.

యూజీసీ ఫెలోషిప్‌లకు విశ్వవిద్యాలయం ప్రతి నెలా పోర్టల్‌లో ధ్రువీకరణ ఇవ్వాలి. మేకర్ అనే ఉద్యోగి వివరాలు ఎక్కిస్తే, చెకర్ అనే అధికారి ఆమోదిస్తాడు. వీళ్లలో ఒకరు సెలవు పెట్టినా మీ డబ్బు ఆగుతుంది. కాబట్టి ముందు తెలుసుకోవలసింది ఫైలు ఢిల్లీలో ఉందా, మీ క్యాంపస్‌లోనే ఉందా అన్నది. ప్రతి కాగితానికీ తేదీతో రసీదు తీసుకోండి. నోటిమాటగా అడగకుండా మెయిల్ రాయండి. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. కేంద్ర సంస్థలకు రూ. 10 ఫీజు, దారిద్ర్య రేఖకు దిగువనున్నవారికి అదీ లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. 'ఎందుకు ఆలస్యమైంది' అని అడిగితే దాటేస్తారు. 'ఫలానా నెల ధ్రువీకరణ ఏ తేదీన పంపారు, ఆ ప్రతి ఇవ్వండి' అని అడగండి. తర్వాత మెట్లు ఎస్సీ, ఎస్టీ సెల్, జాతీయ ఎస్సీ కమిషన్.

సంతకం ఎవరిది

జేఆర్ఎఫ్ నుంచి ఎస్ఆర్ఎఫ్‌కు మారాలంటే కమిటీ మదింపు కావాలి. అందులో గైడ్ మాటే బరువు. అవార్డులకు, సమావేశాలకు సిఫారసు లేఖ కూడా గైడే రాయాలి. 2007లో ఎయిమ్స్‌పై థోరట్ కమిటీ నివేదిక ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల పట్ల బోధనలో, మూల్యాంకనంలో వివక్షను నమోదు చేసింది. ల్యాబ్ నోటుబుక్‌లో రోజూ తేదీ వేసి రాయండి. కమిటీ సమావేశాల నిర్ణయాలను మెయిల్‌లో పెట్టించుకోండి. గైడ్ కాకుండా మీ పని తెలిసిన మరో ఇద్దరు ఆచార్యులనైనా సంపాదించుకోండి.

ప్రయాణ గ్రాంట్లలో చాలావాటికి ముందు మనమే ఖర్చు పెట్టాలి, బిల్లులు పెట్టాక తిరిగి ఇస్తారు. చేతిలో లక్ష రూపాయలు లేనివారికి ఆ అవార్డు వచ్చినా రానట్టే.

సంఘాలు అడగవలసినవి

విద్యార్థి సంఘాలు ఈ నాలుగింటి మీద గట్టిగా నిలబడాలి. ప్రతి ఫెలోషిప్‌కూ దరఖాస్తు చేసినవారు, ఎంపికైనవారు, మధ్యలో మానేసినవారు ఎంతమందో కులాలవారీగా ఏటా ప్రకటించాలి. ఎస్సీ ఫెలోషిప్‌లో నెట్ లేకుండా కొంత వాటా తిరిగి పెట్టాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల స్కాలర్లకు రెండు తెలుగు రాష్ట్రాలూ సొంత ఫెలోషిప్ ఇవ్వాలి. ప్రయాణ గ్రాంట్లు ముందుగానే చేతికివ్వాలి.

అప్పటిదాకా తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు చెప్పడమే మన చేతిలో ఉన్న పని. మీ ఊళ్లో, మీ హాస్టల్లో బీఎస్సీ చదువుతున్న ఒక్కరికైనా ఈ వివరాలు చదివి వినిపించండి. జై భీమ్.