అతుకు తెగకూడదు

జపాన్‌లో, టోక్యోకు ఈశాన్యాన ఉన్న కసామా. తరాలుగా కుండలు చేస్తున్న ఊరు. ఉంగరం తీసి పక్కన పెట్టి బల్ల దగ్గరికి రండి.

రెండు ముద్దలున్నాయి. ఒకటి ఇక్కడి నేలలో తవ్విన మట్టి. ఇనుము ఎక్కువ కాబట్టి కాలితే ముదురు గోధుమరంగు తేలుతుంది. రెండోది తెల్లటి పింగాణీ మట్టి. వేలితో నొక్కి చూడండి. మొదటి దాంట్లో సులువుగా దిగుతోంది, తెల్లది మొండికేస్తోంది. కాస్త తడిపి మళ్లీ పిసకండి. రెండూ ఒకే మెత్తదనానికి రావాలి.

ఇప్పుడు తీగతో పలకలుగా కోయండి. ఒకటి ఊరి మట్టిది, ఒకటి తెల్లది, ఒకదాని మీద ఒకటి. మధ్యలో ముఖాలు గీరి, చిక్కటి మట్టినీళ్లు రాసి అదమండి. లోపల గాలి చిక్కకూడదు. దిమ్మెను మెలితిప్పి అడ్డంగా కోయండి.

చూశారా ఆ సుడులు! ఇది పైన పూసిన రంగు కాదు. గిన్నె గోడలో ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఇదే చార. టాంగ్ రాజుల నాటి చైనాలోనే ఈ పని చేశారు. చేతులు ఇంకా పిసకమంటాయి. ఆపండి. మరికొన్ని మెలికలు పడితే మిగిలేది బురదరంగే.

ముక్కల్ని అచ్చులో పేర్చి, అతుకులు అదిమి, ప్లాస్టిక్ కప్పండి. నెమ్మదిగా ఆరనివ్వండి. సగం ఆరాక రేకుతో పైపొర గీకండి. అలుక్కుపోయిన మరకల కింద నుంచి గీతలు తేలుతున్నాయి.

అంచు దగ్గర ఏదో ఉంది. వెంట్రుకంత. గోరు పెట్టండి. దిగుతోంది. బీట.

ఎందుకు? ఆరేటప్పుడూ కాలేటప్పుడూ మట్టి కుంచించుకుపోతుంది. ఈ రెండు మట్టులూ ఒకేలా కుంచించుకోవు. ఒకటి లాగుతుంది, రెండోది రాదు, అతుకు తెగుతుంది. తడిమట్టితో పూడ్చేద్దామా? వద్దు. ఆ పూత కూడా ఆరుతూ కుంచించుకుంటుంది. పగలగొట్టండి.

ఈ ఊళ్లోనే బౌద్ధాలయ పూజారి మత్సుయి కోసెయ్ ఈ చిక్కు విప్పాడు. మట్టి ఒకటే, రంగులే వేరు. 1993లో జపాన్ ఆయన్ను సజీవ జాతీయ సంపదగా గుర్తించింది. ఆ దారే మనదీ. మాస్క్ కట్టుకోండి, రంగు పొడులు ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. తెల్లమట్టిలో ఒక పాలుకు ఐరన్ ఆక్సైడ్, ఇంకో పాలుకు కోబాల్ట్ ఆక్సైడ్. కోబాల్ట్ నూటికి ఒక వంతు చాలు, నీలం గట్టిగా పడుతుంది.

మళ్లీ కోత, పేర్పు, గీకుడు. బీట లేదు. ఆవంలోకి. 1,250 డిగ్రీలు. మంట ఆగింది.

చల్లారుతోంది. 600. చెయ్యి తలుపు వైపు పోతోంది. తియ్యకండి. 580. 573. ఇక్కడ మట్టిలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా కుంచించుకుంటుంది. చలిగాలి తగిలిందా, టప్‌మని పగులు. ఆగండి. 400. 200. ఇంకా ఆగండి. 100 లోపు. ఇప్పుడు తెరవండి.

గిన్నె నిలిచింది. అంచు చుట్టూ గోరు నడపండి. ఎక్కడా తగలదు.

వేర్వేరు మట్టులే కలపాలని మీకు మనసైతే, ముందు ఒక్కోదానితో ఒక పట్టీ చేసి, పచ్చిగా ఉన్నప్పుడే 10 సెంటీమీటర్ల గీత గీయండి. ఆరబెట్టి, కాల్చి, కొలవండి. రెండు గీతలూ ఒకే పొడవు తేలితేనే కలపండి.