వోల్టేజీని కరెంటుతో భాగిస్తే దూరం తెలిసింది

హైటెన్షన్ లైను మీద పిడుగు పడి ఫాల్ట్ వస్తే ఆ ఒక్క లైనునే విడదీసి మిగతావాటిని నిలబెట్టాలి. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో ఇందుకు ఇంజనీర్లు ఎక్కువగా నమ్ముకున్నది ఓవర్‌కరెంట్ రిలేని. కరెంటు హద్దు మీరితే అది బ్రేకర్‌ను తెరిపిస్తుంది. కానీ వరసగా నాలుగు సబ్‌స్టేషన్లుంటే ఫాల్ట్ కరెంటు నాలుగింటి గుండా పారుతుంది. అందుకని చివరిది వెంటనే, దాని వెనకది కాస్త ఆగి తెరుచుకునేలా ఆలస్యాలు పేర్చారు. దాంతో పవర్‌హౌస్ పక్కనే, కరెంటు అత్యంత భారీగా ఉండే చోటనే, ఫాల్ట్ అన్నిటికన్నా ఎక్కువసేపు నిలిచేది. లైన్లు వలలా అల్లుకున్నాక ఆ పేర్పు కూడా పనికి రాలేదు.

1923లో అమెరికాలో ఎల్.ఎన్. క్రైటన్ డిస్టెన్స్ రిలే మీద పత్రం ప్రచురించాడు. ఫాల్ట్ వచ్చినప్పుడు కరెంటు పెరుగుతుంది, వోల్టేజీ కుంగుతుంది. ఆ వోల్టేజీని కరెంటుతో భాగిస్తే వచ్చేది ఇంపెడెన్స్. తీగ ఎంత పొడవుంటే అదీ అంత. అంటే సబ్‌స్టేషన్‌లోంచి కదలకుండానే ఫాల్ట్ ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది! ఈ కథంతటిలో నాకు అత్యంత గొప్పగా తోచేది ఈ చిన్న భాగహారమే. క్రైటన్ రిలే దగ్గరి ఫాల్ట్‌కు త్వరగా, దూరపు ఫాల్ట్‌కు నెమ్మదిగా కదిలేది.

ఫాల్ట్ దగ్గర లేచే ఆర్క్ తన రెసిస్టెన్స్‌ను కూడా కలిపి లెక్కను చెడగొట్టేది. జనరల్ ఎలక్ట్రిక్‌లో వారింగ్టన్ 1931లో ఆర్క్‌ను దాదాపు లెక్కచేయని రియాక్టెన్స్ రిలే గురించి రాశాడు. క్రమంగా జోన్ల పద్ధతి స్థిరపడింది. మొదటి జోన్ లైనులో సుమారు 80 శాతం చూస్తుంది, ఆగదు. రెండోది లైను చివర దాటి కొంత మేర చూస్తుంది, కాస్త ఆగుతుంది. మూడోది పక్క లైన్లకు బ్యాకప్, ఇంకా ఆగుతుంది.

చిక్కంతా ఈ బ్యాకప్‌తోనే. 1965 నవంబరు 9న కెనడాలోని సర్ ఆడమ్ బెక్ జలవిద్యుత్ కేంద్రం దగ్గర ఒక బ్యాకప్ రిలే మామూలు లోడుకే ట్రిప్ అయింది. 1963లో పెట్టిన సెట్టింగ్ అలాగే ఉంది, లోడు మాత్రం పెరిగింది. సుమారు 3 కోట్ల మంది చీకట్లో పడ్డారు.

1969లో జార్జ్ రాక్‌ఫెల్లర్ ఈ పని కంప్యూటర్‌తో చేయవచ్చని రాశాడు. 1984లో ష్వైట్జర్ సంస్థ డిజిటల్ డిస్టెన్స్ రిలేను బయటికి పంపింది. డిజిటల్ రిలేలో లోడు పరిధిని విడిగా గీసి, అక్కడ ట్రిప్ కాకుండా ఆపవచ్చు.

అయినా 2012 జులై 30 తెల్లవారుజామున 2:33కి బీనా–గ్వాలియర్ 400 కేవీ లైను మూడో జోన్‌లో ట్రిప్ అయింది. ఫాల్ట్ ఏదీ లేదు. భారీ లోడు, తగ్గిన వోల్టేజీ కలిసి భాగఫలాన్ని కుదించాయి, రిలే దాన్ని దూరపు ఫాల్ట్‌గా లెక్కించింది. ఉత్తర గ్రిడ్ కూలింది. మర్నాడు మధ్యాహ్నం అదే లైనుతో మొదలై ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలాయి. 60 కోట్ల మందికి పైగా కరెంటు పోయింది. దక్షిణ గ్రిడ్ అప్పటికి డీసీ లింకులతోనే ముడిపడి ఉండటంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఆ గతి పట్టలేదు.

2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణం కూడా దేశ గ్రిడ్‌లో కలిసింది. ఆ వేరుపాటు ఇక లేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో రిలేలను పరీక్షించే ఎంఆర్‌టీ విభాగం, ప్రొటెక్షన్ ఇంజనీర్లకు నా విన్నపం: లైను మీద లోడు పెరిగిన ప్రతిసారీ మూడో జోన్ సెట్టింగ్‌ను మళ్లీ లెక్కకట్టండి.